ఓపు దీవి

ముప్ఫై నాలుగేళ్ళపాటు పిల్లలకి ఇంగ్లీషు చెప్పి రిటైరైన మేష్టరికి 'హోప్' అన్న మాటకి అర్థం తెలియదంటే మీరు నమ్మరు. నేనూ నమ్మేవాణ్ణి కాదు. హెచ్చి, ఓ, పీ, ఈ - నాలుగే నాలుగక్షరాలు. ఆరో తరగతి కుర్రాడు కూడా నిద్రలో లేపి అడిగితే 'ఆశ' అని చెప్పి మళ్ళీ పడుకుంటాడు. పోయిన ఏడాది మా అమ్మాయి ఒక ఫోటో పంపేదాకా నాకూ ఆ కుర్రాడికీ పెద్ద తేడా లేదని నాకు తెలియలేదు.

మా అమ్మాయి డాక్టరు. స్కాట్లండుకి ఉత్తరాన, సముద్రంలో ఎవరో గుప్పెడు అటుకులు చల్లినట్టుండే ఓర్క్నీ దీవుల్లో ఉద్యోగం చేస్తోంది. "అంత దూరమెందుకే తల్లీ, ఇంకా అవతల ఇంకేమీ లేనట్టుంది" అంటే, "చిన్నప్పుడు అట్లాసు ముందేసుకుని కూర్చోబెట్టింది మీరే కదా నాన్నా" అంటుంది. ఆ మాటకి జవాబు లేదు. అక్కడికి వెళ్ళే పడవల్లో ఒకటి ఒక చిన్న ఊరి దగ్గర ఆగుతుందిట. ఆ ఊరి పేరు రాసివున్న బోర్డు ముందు నిలబడి, గాలికి జుట్టంతా మొహం మీద పడుతుండగా ఫోటో తీయించుకుంది. బోర్డు మీద 'సెయింట్ మార్గరెట్స్ హోప్' అని ఉంది. కింద ఒక్క ముక్క రాసింది: "నాన్నా, ఇక్కడ కూడా మన హోప్ ఉంది."

'మన హోప్' ఏమిటో చెప్పాలి మీకు.

మాది కాకినాడ. అందులోనూ జగన్నాథపురం, ఉప్పుటేటి వంతెనకి అవతల. మా నాన్న సరంగు. సరంగంటే ఇప్పటి పిల్లలకి తెలియకపోవచ్చు, పడవకి పెద్ద. కాకినాడ ఒడ్డున లోతు చాలక ఆ రోజుల్లో పెద్ద ఓడలు గట్టుదాకా వచ్చేవి కావు. ఎక్కడో మైళ్ళ దూరాన లంగరు దింపుకుని, వీధిగుమ్మం దాకా వచ్చి కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళిస్తేగాని లోపలికి రాని కొత్తల్లుళ్ళలా అక్కడే నిలబడేవి. బస్తా దింపాలన్నా ఎక్కించాలన్నా మా నాన్నలాంటివాళ్ళ పడవలు వెళ్ళవలసిందే. 1997లో లోతు రేవు కట్టాక ఓడలు గట్టుకే వచ్చి ఆనుకోవడం మొదలైందిగాని, అప్పటికి మా నాన్న లేడు.

సరే, ఆ ఓడలు అలా నీళ్ళ మధ్య నిశ్చింతగా నిలబడ్డాయంటే దానికి కారణం ఒక ఇసక దీవి. గౌతమి మోసుకొచ్చి పారబోసిన ఇసకని కెరటాలు ఉత్తరంగా నెట్టుకుంటూ, నెట్టుకుంటూ పోయి, సుమారు పదహారు కిలోమీటర్ల పొడుగున సముద్రంలోకి ఒక చెయ్యి చాపించాయి. పటంలో చూస్తే తోకకప్పలా ఉంటుంది. వయసు రెండు వందల ఏళ్ళకి అటూ ఇటూ. అంటే దీవుల లెక్కలో ఇంకా పాలు మరవని పసిపిల్ల. దానికీ ఊరికీ మధ్య చిక్కుకున్న నీళ్ళనే కాకినాడ అఖాతం అంటారు. దీవికి అవతల సముద్రం సముద్రంలాగే ఉంటుంది. ఇవతల మాత్రం పళ్ళెంలో పోసిన చారులా ఉంటుంది.

ఆ దీవి పేరు హోప్ ఐలాండ్. తుఫాను నుంచి కాపాడుతుందని ఊరివాళ్ళకి ఆశ, అందుకని హోప్ అన్నారని కాకినాడలో ఎవర్నడిగినా చెబుతారు. నేను కూడా ఏటా క్లాసులో అదే చెప్పాను. మా అమ్మ మాత్రం దాన్ని ఇంకోలా పిలిచేది. ఆ సంగతికి తరవాత వస్తాను.

అమ్మాయి ఫోటో చూడగానే నాలోని మేష్టరు నిద్రలేచాడు. ఫోన్లో వేలితో పొడుచుకుంటూ పొడుగాటి జవాబు రాశాను. ఇప్పుడు చదువుకుంటే చెవులు వేడెక్కుతాయి. ఆఫ్రికా కొసన ఉన్న కొమ్ముని 1488లో చుట్టివచ్చిన బార్తలోమ్యూ డయాస్ దానికి తుఫానుల కొమ్ము అని పేరు పెట్టాడనీ, ఇండియాకి దారి దొరికేలా ఉందన్న సంబరంలో పోర్చుగల్ రాజు దాన్ని మంచి ఆశ కొమ్ముగా మార్చాడనీ, సముద్రం మీద తిరిగేవాళ్ళకి ఆశే చుక్కాని గనక మన దీవికీ ఆ ఊరికీ ఆ పేరే వచ్చిందనీ, కాబట్టి ఆ ఊరి పేరుకి 'సాధ్వి మార్గరెట్ గారి ఆశ' అని అర్థం చెప్పుకోవాలనీ తేల్చేశాను. మా ఆవిడ వెనకనుంచి తొంగిచూసి, "అది ఫోటో బావుందా లేదా అని అడిగిందండీ, మీరేమిటి పురాణం చెబుతున్నారు?" అంది.

మర్నాడు అమ్మాయి దగ్గర్నుంచి జవాబు వచ్చింది. ఆస్పత్రిలో ఒక ముసలాయన ఉన్నాడట, జన్మంతా చేపలు పట్టినవాడు. నా వ్యాఖ్యానం ఆయనకి వినిపించిందట. ఆయన దగ్గొచ్చేదాకా నవ్వి, "అమ్మా, మా ఊళ్ళో హోప్ అంటే ఆశా కాదు, దోసకాయా కాదు. చుట్టూ గట్టుండి గాలి కొట్టని చిన్న అఖాతం" అన్నాడట. దోసకాయ మా అమ్మాయి చేర్చినదే అయివుంటుంది.

నాకు నిజంగా కోపం వచ్చింది. లేచి బీరువాలోంచి చేంబర్స్ డిక్షనరీ తీశాను. 1978లో ఒక నెల జీతంలో పెద్ద ముక్క పెట్టి కొన్న పుస్తకం. తీసి చూస్తే హోప్ - ఆశ. ఉంది. దాని కిందనే, చిన్న రెండంకె తగిలించుకుని, ఇంకో హోప్. నాలుగువైపులా మూసుకున్న లోయ. సముద్రపు చిన్న పాయ. నలభై ఏళ్ళకి పైగా ఆ పుస్తకం నా బల్ల మీదే ఉంది. ఆ రెండో హోప్ ఒక్కసారి కూడా నా కంట పడలేదు. ఎలా పడుతుంది? కావలసిన అర్థం దొరకగానే పుస్తకం మూసేయడం మా మేష్టర్లకి అలవాటు.

అక్కణ్ణించి నాకు పట్టుకుంది. రెండు నెలలపాటు పుస్తకాలూ ఫోనూ తిరగేసి మా ఆవిడ చేత నానా మాటలూ పడ్డాను.

ఆ రెండో హోప్ ఇంగ్లీషువాడి ఆశకి చుట్టమేమీ కాదు. అది నార్వే, ఐస్‌లాండు నావికుల పాత మాట. చుట్టూ నేల ఒంపు తిరిగి కమ్ముకుని, సముద్రంవైపు సన్నటి నోరు మాత్రం వదిలిన నీళ్ళకి వాళ్ళు హోప్ అనేవారు. పోటు వేళ ఉప్పన, పాటు వేళ చప్పన. ఓర్క్నీ దీవులు ఒకప్పుడు ఆ నార్వేవాళ్ళవే. 1468లో అక్కడి రాజు క్రిస్టియన్ తన కూతుర్ని స్కాట్లండు రాజుకిచ్చి పెళ్ళి చేస్తూ, కట్నం డబ్బు చేతిలో లేక ఈ దీవుల్ని తాకట్టు పెట్టాడు. ఆ తాకట్టు మరి విడిపించలేదు. (ఈ ముక్క చదివి మా ఆవిడ మా మామగారిని తల్చుకుని ఏదో అనబోయి మానేసింది.) దీవులు చేతులు మారాయిగాని ఊళ్ళపేర్లు మారలేదు. అందుకే అక్కడ ఇప్పటికీ ఒడ్డు ఒంపు తిరిగిన చోటల్లా ఒక హోప్. పక్క దీవిలో లాంగ్ హోప్ అని ఇంకోటి ఉంది. పొడుగు ఆశ అని నేను అర్థం చెప్పేవాణ్ణే, చెప్పకముందే బతికిపోయాను. దానికి చుట్టమైన మాటే ఇంగ్లండు లోపల, సముద్రం లేని చోట కొండల మధ్య ఇరుక్కున్న లోయకి పేరైంది. స్టాన్‌హోప్ అనే ఊరు అలాంటిదే, రాళ్ళ లోయ. నీళ్ళు కానివ్వండి, నేల కానివ్వండి, చుట్టూ ఏదో అడ్డం ఉండటమే ఆ మాటకి ప్రాణం.

ఐస్‌లాండువాళ్ళ పాత కథల్లో ఎర్ర ఎరిక్ కథ అని ఒకటుంది. వెయ్యేళ్ళ కిందట కార్ల్‌సెఫ్ని అనే అతను మనుషుల్నీ పశువుల్నీ పడవలకెత్తుకుని పడమటికి పోయి, కొలంబసుకి అయిదువందల ఏళ్ళ ముందే అమెరికా ఒడ్డుకి చేరతాడు. అక్కడ ఒక నది కొండల్లోంచి వచ్చి ఒక మడుగులో పడుతుంది, ఆ మడుగు సముద్రంలో కలుస్తుంది, ముందంతా ఇసక తిప్పలు, నిండు పోటు వేళ తప్ప పడవ లోపలికి రాదు. ఆ చోటికి వాళ్ళు పెట్టిన పేరు - హోప్. ఇది మా నాన్నకి చదివి వినిపించివుంటే, "ఎక్కడో అంటావేంట్రా, ఇది మన కోరింగే కదా" అనేవాడు.

నిజంగా కోరింగే. గోదావరి సముద్రంలో కలిసే మొగ, ఇసక మేటలు, మడ అడవులు, పోటు చూసుకుని లోపలికొచ్చే ఓడలు. ఇంగ్లీషువాళ్ళ కాలంలో అక్కణ్ణించి ఎంతమంది తెలుగువాళ్ళు రంగం ఓడ ఎక్కారంటే బర్మావాళ్ళు మనవాళ్ళందరికీ 'కోరంగీ'లని పేరు పెట్టారు. అంతటి రేవుని 1789లో ఒక తుఫానూ, 1839లో ఇంకో తుఫానూ ఊడ్చిపెట్టాయి. మిగిలిందాన్ని ఒండ్రు పూడ్చింది. కోరింగకి ముందు అడ్డం లేకపోయింది. కాకినాడకి గోదావరే ఒక అడ్డం కట్టి ఇచ్చింది. ఒక కూతురికి ఇవ్వలేనిది రెండో కూతురికి ఇచ్చినట్టు.

ఇంతకీ ఆ ఓర్క్నీ ఊరి పేరులో మార్గరెట్టు ఎవరంటారా? పుణ్యాత్మురాలైన రాణి మార్గరెట్ అని కొందరంటారు. ఇంకో మార్గరెట్ అని కొందరు. ఆ రెండో ఆవిడ కథ వింటే మనసు చివుక్కుమంటుంది. నార్వే రాజుగారి కూతురు, తాతగారి వైపునుంచి స్కాట్లండు సింహాసనం సంక్రమించింది. వయసు ఏడేళ్ళు. రాణిని చెయ్యడానికి 1290లో ఓడ ఎక్కించి పంపారు. దారిలో జబ్బుచేసి ఓర్క్నీలోనే చనిపోయింది. ఏలవలసిన దేశం కళ్ళతో చూడనేలేదు. నేను ఆవిడ పేరుమీద 'ఆశ' గురించి అంత ఉపన్యాసం దంచాను!

ఆ సందర్భంలోనే ఇంకో హోప్ తగిలింది. ఇంగ్లీషులో 'ఫర్లార్న్ హోప్' అని ఒక జాతీయం ఉంది. ఇక దక్కని ఆశ అని నేను చెప్పేవాణ్ణి, మీ మేష్టారూ అలాగే చెప్పివుంటారు. అదీ ఆశ కాదట. డచ్చివాళ్ళ మాట, యుద్ధంలో అందరికంటే ముందు నడిచే, తిరిగి వస్తారన్న నమ్మకం లేని సిపాయిల దండు. వాళ్ళ భాషలో హోప్ అంటే దండు, గుంపు, కుప్ప. చిత్రమేమిటంటే వాళ్ళకి ఆశ కూడా హోపే. ఆ డచ్చివాళ్ళు మా జగన్నాథపురంలోనే కాపురం ఉండి వర్తకం చేశారు, 1825లో ఇంగ్లీషువాళ్ళ చేతికి అప్పగించి పోయేదాకా. ఎదురుగా సముద్రంలో ఇసక పోగుపడుతుంటే చూసి, వాళ్ళలో ఎవడైనా 'హోప్' అని ఉంటే అది ఆశో, ఇసక కుప్పో! మన భాషలో అయితే తిప్ప అంటాం. బలుసుతిప్ప, ఆ తిప్ప, ఈ తిప్ప - గోదావరి చివరంతా తిప్పలే. పేరు అలా వచ్చిందని నేననడం లేదు. ఒకసారి తప్పు అర్థం చెప్పి ముసలాయన చేత నవ్వించుకున్నవాణ్ణి, రెండోసారి నవ్వించుకోను.

మన మాటలు మాత్రం తక్కువ తిన్నాయా! అఖాతం అంటే అగాధం లాంటిదేదో అనుకుంటాం. అసలు అర్థం 'తవ్వనిది'. మనుషులు తవ్వింది ఖాతం, తవ్వనిది అఖాతం. అమరకోశంలో దానికి ఇంకో పేరు దేవఖాతం, దేవుడు తవ్వింది. ఏ ఊరి గుడి ముందో దానంతటదే ఏర్పడ్డ కోనేటికి చెప్పిన మాటని తెచ్చి, బంగాళాఖాతమంతటిదానికి తగిలించాం. ఇక గల్ఫ్ అన్నది గ్రీకువాళ్ళ మాటనుంచి వచ్చింది. ఆ మాటకి రొమ్మనీ, ఒడి అనీ అర్థం. మా కోనసీమ ఆడవాళ్ళు చంటిపిల్లల్ని అమ్మమ్మల దగ్గర వదిలి ఇంటిపనులకి కువైట్ పోతే 'గల్ఫ్ వెళ్ళింది' అంటాం. ఒడి వెతుక్కుంటూ వెళ్ళిందని అర్థం చెప్పుకోవాలి కాబోలు.

ఇక మా అమ్మ సంగతి.

మా అమ్మకి చదువు లేదు. మా వాడలో చాలామందికి హకారం నోరు తిరగదు. హరి 'అరి', హోటలు 'ఓటలు', హార్బరు 'ఆర్బరు'. హోప్ 'ఓపు' అయింది. నాన్న పొద్దెక్కినా రాకపోతే "ఓపు కాడుంటాడు లెండి" అని వాకిట్లో అడిగినవాళ్ళతో అనేది. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా నా స్నేహితులిద్దరు, పట్నంలో బతికిన పిల్లలు, మా ఇంటికి వచ్చారు. వాళ్ళ ఎదుట అమ్మ ఆ మాట అంది. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ చూపు నాకిప్పటికీ గుర్తుంది. వాళ్ళు వెళ్ళాక అమ్మతో, "హోప్ అనలేవూ? హో, హో" అని నోరు సున్నాలా చుట్టి చూపించాను. అమ్మ నవ్వేసి, "ఆ, ఎద్దుల్ని అదిలించినట్టుంది" అంది. అప్పటికి అదొక వేళాకోళం.

1996 నవంబరు 6. ఆ తారీకు మా వైపు ఎవరికీ చెప్పక్కర్లేదు. అప్పటికి నాన్న పోయి ఆరేళ్ళు. మా తమ్ముడు పడవ మీద ఉన్నాడు. ముందురోజు బయల్దేరి ఓడ దగ్గరికి వెళ్ళినవాడు తిరిగి రాలేదు. మధ్యాహ్నం నుంచే గాలి తీరు మారింది. సాయంత్రానికి కరెంటు పోయింది, ట్రాన్సిస్టరులో గురగుర తప్ప మాట లేదు. పెంకులు ఒక్కొక్కటే లేచి వీధిలో పడుతున్నాయి. ఆ పెంకుల చప్పుడుకి ఒక పద్ధతుంది; ముందు ఒకటి, కాసేపాగి ఇంకోటి, ఆపైన అన్నీ ఒకేసారి. మా అమ్మాయికి అప్పుడు అయిదేళ్ళు. నానమ్మ ఒళ్ళో దుప్పటి కప్పుకుని కూర్చుంది. తమ్ముడి భార్య దేవుడి పటం ముందు దీపం పెడుతోంది, ఆరిపోతోంది, మళ్ళీ పెడుతోంది. నేను గదిలో ఈ మూల నుంచి ఆ మూలకి తిరుగుతున్నాను. నిజం చెప్పాలంటే తమ్ముడు పోయాడనే అనుకున్నాను. ఆ మాట బయటికి అనలేక దేనిమీదైనా విరుచుకుపడదామా అని ఉంది.

అప్పుడు అమ్మ అంది: "ఓపుంది కదరా అడ్డం. ఎందుకలా కాలుగాలిన పిల్లిలా తిరుగుతావు?"

దొరికింది నాకు. "ఓపు కాదమ్మా! హోపు! హోప్ అంటే ఆశ! ఇన్నేళ్ళైనా ఆ ఒక్క మాట సరిగ్గా అనడం చేతకాలేదు నీకు!" అని గట్టిగా అరిచాను. తమ్ముడి భార్య కూడా దీపం వదిలేసి నావైపు చూసింది.

అమ్మ గొంతు పెంచలేదు. "ఆశపడితే కెరటం ఆగుద్దేంట్రా? ఓపాల గాని" అంది.

ఆ రాత్రి తుఫాను కాకినాడకి దక్షిణంగా ఒడ్డు దాటింది. కోనసీమలో కొబ్బరిచెట్లు మొదళ్ళతో సహా పడుకున్నాయి. భైరవపాలెం, బలుసుతిప్ప లాంటి ఊళ్ళలో ఎన్ని ఇళ్ళకి మగదిక్కు లేకుండా పోయిందో. పోయినవాళ్ళు వెయ్యిమందికి పైమాటే. కాకినాడ బతికిపోయింది. ఆ దీవి అడ్డం పడబట్టి బతికామని ఊరంతా చెప్పుకుంది, ఇప్పటికీ చెప్పుకుంటుంది. మూడోనాడు పొద్దున్నే మా తమ్ముడు ఒంటిమీద చొక్కా లేకుండా, కాళ్ళనిండా బురదతో నడుచుకుంటూ వచ్చాడు. గాలి మారడం చూసి పడవని దక్షిణంగా మళ్ళించి, కోరింగ మడ అడవుల్లో ఒక పాయలో దూర్చి చెట్లకి కట్టేశాడట. అమ్మ వాడికి చద్దన్నం పెట్టింది. వాడు తింటుంటే పక్కన కూర్చుని అప్పుడు ఏడ్చింది.

నేను అరిచిన సంగతి అందరూ మర్చిపోయారనే అనుకున్నాను. తరవాత ఎప్పుడోగాని గమనించలేదు. ఆ రాత్రి తరవాత అమ్మ నా ఎదుట ఆ మాట అనడం మానేసింది. 'ఆ దీవి' అనేది. 'ఆ అడ్డం' అనేది. అలాగే ఎనిమిదేళ్ళు గడిపి 2004లో వెళ్ళిపోయింది. నేను దిద్దిన తప్పుల్లో పూర్తిగా దిద్దుకున్నది అదొక్కటే.

ఇవన్నీ, అంటే హోప్ అర్థాలన్నీ, పోయిన కార్తీకమాసంలో మా అమ్మాయికి రాశాను; అరుపు సంగతి మాత్రం రాయలేదు. ఈసారి ఆ పిల్ల వెంటనే జవాబు రాయలేదు. రెండురోజులకి రాసింది. అక్కడి పెద్దాయనకి మన దీవి ఫోటో చూపించిందట. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని చూసి, దీవికి ఇవతలి నీళ్ళమీద వేలు పెట్టి, "ఇదే హోప్. ఇసక కాదు, ఇది" అన్నాడట. వాళ్ళ దీవుల మధ్యా అలాంటి పెద్ద నీటిపట్టు ఒకటుంది, స్కాపా ఫ్లో. దానికన్నా భద్రమైన చోటు లేదని ఇంగ్లండు తన యుద్ధనౌకల్ని అక్కడ దాచుకుంటే, 1939 అక్టోబరులో ఒక జర్మన్ జలాంతర్గామి సందులోంచి దూరి రాయల్ ఓక్ అనే నౌకని ముంచింది. ఎనిమిది వందల పైచిలుకు మంది పోయారు. ఆ తరవాత తూర్పువైపు సందులకి కాంక్రీటు దిమ్మలు పోసి అడ్డుగోడలు కట్టారు. ఇప్పుడు ఆ గోడల మీదే రోడ్డు. ఆ రోడ్డు మీదనుంచే మా అమ్మాయి పడవ దిగి ఆస్పత్రికి వెళుతుంది.

చివర్న ఇలా రాసింది:

"నాన్నా, నానమ్మ దాన్ని ఓపు అనేది కదా? మీరు స్కూలుకి వెళ్ళాక నాకు రోజూ దాని కథలు చెప్పేది. ఓపు నీళ్ళలో బోర్లా పడుకుని వీపుమీద కెరటాలు కాచుకుంటుందట. మీరొచ్చిన చప్పుడైతే మాట మార్చేసేది. ఎందుకు నానమ్మా అంటే 'మీ నాన్నకి ఆ మాట పడదే' అనేది. ఆ పెద్దాయనకి ఓపు అంటే ఏమిటో ఇంగ్లీషులో చెప్పాలనుకున్నాను. ఓపిక అంటే చెప్పొచ్చుగాని ఓపడం అంటే ఎలా చెప్పాలి? మీరు మేష్టారు కదా, చెప్పండి."

ఎనిమిదేళ్ళు నా ఇంట్లో, నా వెనకాల ఆ మాట బతికే ఉందన్నమాట.

జవాబు రాయడానికి కూర్చున్నాను. మోయడం ఒకటి, భరించడం ఒకటి, చేతనవడం ఒకటి. ఓపడంలో ఈ మూడూ ఉన్నాయి. 'ఓపినంత చెయ్యి' అంటాం, 'ఓపలేనమ్మా' అంటాం. ఇంగ్లీషులో మూడు మాటలు రాసి మూడూ కొట్టేశాను. ఫోను పక్కన పెట్టేసి వంతెన దాటి మా తమ్ముడింటికి వెళ్ళాను. వాడికీ అరవై దాటాయి. పడవ అమ్మేశాడుగాని సాయంత్రమయ్యేసరికి పడవల రేవు దగ్గర గట్టుమీద కూర్చోకపోతే వాడికి తోచదు. అక్కడే దొరికాడు. నార్వేవాళ్ళ దగ్గర మొదలుపెట్టి డచ్చివాళ్ళదాకా అన్నీ చెప్పాను. ఆ రాత్రి అమ్మమీద అరిచిన సంగతి కూడా చెప్పాను. ఇన్నేళ్ళలో వాడితో ఎప్పుడూ చెప్పలేదు.

వాడు చాలాసేపు నీళ్ళకేసే చూశాడు. "అమ్మ చెప్పింది అన్నయ్యా అప్పుడే" అన్నాడు.

"ఏమని?"

"అన్నయ్య నీకోసం చాలా బెంగపెట్టుకున్నాడురా, ఊరికే అరిచాడు అని."

నాకేం అనాలో తెలియలేదు. వాడే మళ్ళీ అన్నాడు: "ఆ రాత్రి పడవలో నేనూ, ఇద్దరు కుర్రాళ్ళూ. తాళ్ళు తెగుతున్నాయి. నేను ఒక మడచెట్టుని రెండు చేతులా కరుచుకుని, ఓపు, ఓపు అని తెల్లార్లూ అంటూనే ఉన్నా. దీవితో అన్నానో, చెట్టుతో అన్నానో, నాతోనే అనుకున్నానో ఏం తెలుసు!"

పాటు మొదలైంది. గట్టు కింద కట్టిన పడవలు ఒక్కొక్కటే కిందికి జారుతూ బురదలో ఆనుతున్నాయి. దూరంగా, చీకటి పడుతున్న నీళ్ళ మీద దీవి సన్నటి గీతలా ఉంది. మావాడు లేచి లుంగీ దులుపుకున్నాడు. "పద అన్నయ్యా, వదిన ఇందాకే ఫోను చేసింది. పాలు తెస్తానని బయల్దేరావట" అన్నాడు.